కారు సీట్లలోకి కొబ్బరి పీచు

కోనసీమలో మాకు మిగిలింది ఒక పీచు షెడ్డు. మండపేటలో రైసుమిల్లు పోయింది, పొలాలు పోయాయి. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి, కారు సీట్లలోకి దిమ్మలు చేసే ఈ షెడ్డు మాత్రం నిలిచింది. జర్మనీలోని ఒక పాత కార్ల కంపెనీ నాన్నగారి నాటినుంచీ వాటిని కొంటోంది. దిమ్మ మందం కాస్త మార్చాలన్నా వాళ్ళు ఏడాది ఆలోచించేవారు. ఆ నిదానం నాకు పెద్దరికంలా కనిపించేది.

ఈ ఏడు వాళ్ళ ఆర్డరు సగానికి పడిపోయింది. చైనా బ్యాటరీ కార్లు వాళ్ళ దేశానికే వచ్చి అమ్ముడవుతున్నాయట. మా షెడ్డులో ఆడవాళ్ళకు వారానికి మూడు రోజులే పని. అంతలో అలాంటి చైనా బ్యాటరీ కార్ల కంపెనీ ఒకటి నాకు మెయిల్ పెట్టింది, వారం లోపల మచ్చుకొక దిమ్మ అందేలా పంపగలరా అని.

మా ఇంట మచ్చు పంపే అలవాటు లేదు. తాతగారి రోజుల్లో కొనేవాడే మిల్లుకి వచ్చి, బియ్యపు రాశిలో చెయ్యి పెట్టి చూసుకునేవాడు. నేనూ అదే రాశాను: "మీరే వచ్చి చూసుకోండి."

షెడ్డు పని చూసే మేస్త్రీ నాకంటే పదేళ్ళు పెద్దావిడ. సంగతి విని నడుం మీద చెయ్యి వేసుకుంది.

"వాళ్ళు రావడానికి ఇవేమన్నా పెళ్ళిచూపులా బాబుగారూ?"

"సరుకు మంచిదైతే ఎవరైనా వస్తారమ్మా."

"ఆయ్, వస్తారండి. అందాకా మేం మూడ్రోజుల కూలితో ఏడ్రోజులు తింటామండి."

ఆ తర్వాత రెండు రోజులూ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. మూడోనాడు జర్మనీ కంపెనీ అధికారితో వీడియో కాల్. మిగతా ఆర్డరు మాటేమిటని మొదటిసారి నేనే అడిగాను. కమిటీ కూర్చోవాలి, వచ్చే ఏడాదికి గాని తేలదన్నాడు.

"చైనా వాళ్ళు ఇంత తొందరగా కొత్త బండ్లు తెస్తారనుకోలేదండి. మా పేరు చూసి జనం మా దగ్గరికే వస్తారనుకున్నాం" అన్నాడు.

చైనా కంపెనీకి నేను రాసి పంపిందీ అదే కదా.

మచ్చు పంపుతున్నానని వెంటనే చైనాకు మెయిల్ పెట్టాను. నిమిషాల్లో జవాబొచ్చింది: పంపండి, గడువు మాత్రం మారదు. షెడ్డుకి వెళ్ళి, "ఒక దిమ్మ కొయ్యమ్మా" అన్నాను. మేస్త్రీ అప్పటికే కోసి ఉంచినదాన్ని గోనెపట్టా కింద నుంచి తీసింది.

రాజమండ్రి కొరియర్ ఆఫీసులో అమ్మాయి కాగితం నింపి నా ముందుకు తిప్పింది.

"మచ్చు కదండీ, దీనికి అమ్మకపు విలువ లేదని రాశాను. కింద సంతకం పెట్టండి."

"విలువ లేదని ఎవరన్నారు?"

"అందరూ అలాగే రాస్తారండి. లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోద్ది. మీకు తొందర లేదంటే మార్చేస్తాను."

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. గడువు ఇంకా నాలుగు రోజులే. ఇంటిపేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను.

"ఇవాళే వెళ్తుందామ్మా?"

"ఐదింటి బండికి వెళ్ళిపోద్దండి."

గోడ గడియారంలో నాలుగున్నర. కూర్చోమని ఆ అమ్మాయి కుర్చీ చూపించింది. బండి కదిలేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.