రెండు దాచులు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా తాతయ్యకి ఆయిల్ ఇంజన్ల విడిభాగాల కొట్టు ఉండేది. చిన్నప్పుడు అంటే మరీ పాతకాలం కాదు, మా ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు ఒక్కొక్కటే వెలుస్తున్న రోజులు. కొట్లో గోడ నిండా చెక్క సొరుగులు, రెండు వందలకి పైనే. ఒక్కదాని మీదా పేరుండేది కాదు. నాజిల్ కావాలన్నా బుష్షు కావాలన్నా తాతయ్య చెయ్యి దానంతటదే ఆ సొరుగు దగ్గరికి వెళ్ళేది. రాసి పెట్టుకోవచ్చుగా అంటే, "రాస్తే చెయ్యి మర్చిపోద్దిరా" అనేవాడు.

అలాంటి తాతయ్యకి కంట్లో శుక్లం వచ్చింది. విజయవాడలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. పదిహేను రోజులు కొట్టు మూసేద్దామన్నాడు పెదనాన్న. పొలాలకి నీళ్ళు పెట్టే రోజుల్లో కొట్టు మూస్తే రైతులు ఎక్కడికి పోతారు, నేను కూర్చుంటానంది నాయనమ్మ. అప్పటిదాకా ఆవిడ ఆ కొట్టుకి క్యారేజీ పట్టుకురావడమే గానీ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది లేదు. "ఏ సొరుగులో ఏముందో తెలియకుండా ఏం అమ్ముతావమ్మా?" అని పెదనాన్న నవ్వాడు. ఆ నవ్వు నాయనమ్మకి గుచ్చుకుంది.

ఆ సంగతి పక్కింటి అక్క చెవిన పడింది. అక్క రోజూ బస్సులో కంచికచర్ల వెళ్ళి ఇంజనీరింగ్ చదివేది. ఆమె దగ్గర ఒక పాత కంప్యూటరు ఉండేది. అందులో అన్నీ ఊరికే దొరికే ప్రోగ్రాములే. పైగా అందులోని మాటలు తెలుగులో ఉండేవి. ఎక్కడెక్కడో ఉన్న పదిమంది, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో ఇంగ్లీషు మాటకి తెలుగు మాట వెతికి పెడుతున్నారట. అక్క వాళ్ళలో ఒకతె. నాయనమ్మకి ఇంగ్లీషు రాదు, తెలుగు మాత్రం చక్కగా చదువుతుంది. అందుకని అక్క ఆ కంప్యూటరు తెచ్చి మా కొట్లో పెట్టింది.

"దీనికెంతమ్మాయ్?" అని అడిగాడు పెదనాన్న.

"ఊరికేనండి. ఎవరైనా వాడుకోవచ్చు. నచ్చకపోతే మార్చుకోవచ్చు కూడా."

"ఊరికే వచ్చింది ఊరికే పోద్ది," అని గొణుక్కుంటూ వెళ్ళాడాయన. నా చెవిలో మాత్రం "మార్చుకోవచ్చు" అన్న మాట ఉండిపోయింది.

వారం రోజులు తాతయ్య గోడ పొడుగునా నడుస్తూ సొరుగు సొరుగూ తడిమి చెప్పాడు, నేను కంప్యూటర్లో టైపు కొట్టాను. ఎన్నో వరుస, ఎన్నో సొరుగు, అందులో ఏముంది, ఏ ఇంజనుకి పనికొస్తుంది. ఒక నోటుబుక్కులో కూడా రాయమన్నాడు తాతయ్య. ఇందులో ఎక్కాక మళ్ళీ నోటుబుక్కు ఎందుకని నేనే కొట్టిపారేశాను. పన్నెండేళ్ళకే అంత తెలివి నాకు.

పని అయ్యాక "భద్రపరచు" అన్నచోట నొక్కాలి. ఆ మాట దగ్గర నాయనమ్మ రోజూ ఆగిపోయేది. "భద్రపరచడానికి ఇదేమన్నా బంగారమా? ఇనప సామాన్ల చిట్టాకి ఇంత మాటెందుకురా? డబ్బులు దాచుకోమూ? దాచు అంటే పోయేదిగా!" అంది. నాకది భలే నచ్చింది. అక్కతో చెప్పాను. మంచి మాటేగానీ "దాచు" అప్పటికే ఇంకోచోట వాడేశారట, జాబితాలోని వరుసల్ని తెర మీద కనపడకుండా చెయ్యడానికి. అందరితో మాట్లాడి చెప్తాను, కాస్త ఆగమంది.

నేను ఆగలేదు. మాటలన్నీ ఉండే ఫైలు ఎలా తెరవాలో, మార్చాక ఏం కొట్టాలో అక్క చేస్తుంటే వెనక నుంచి చూసి నేర్చుకున్నాను. ఎవరూ లేనప్పుడు "భద్రపరచు" తీసేసి "దాచు" పెట్టాను. మర్నాడు నాయనమ్మ అది చదివి పొంగిపోయింది. తాతయ్య విజయవాడ వెళ్ళాక కొట్టుకి వచ్చిన ప్రతి రైతుకీ చెప్పింది, కంప్యూటర్లో మాట మా మనవడే మార్చాడని. నిజం చెప్పాలంటే నేను మార్చింది ఆ మెప్పు కోసమే. ఇప్పుడు ఆ ప్రోగ్రాములో పైన ఒక దాచు ఉంది, మౌసు కుడివైపు నొక్కితే వచ్చే పట్టీలో ఇంకో దాచు ఉంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

నాలుగు రోజులు కొట్టు బ్రహ్మాండంగా నడిచింది. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని, జాబితాలో చూసి, "మూడో వరుస, ఏడో సొరుగు" అని తనే లేచి తీసి ఇస్తుంటే రైతులు ఆశ్చర్యపోయేవాళ్ళు. ఐదో రోజు ఆదివారం. పొద్దున్నే వీరులపాడు నుంచి ఒక రైతు నాజిల్ కోసం వచ్చాడు. ఇంజను ఆగిపోయింది, మిరప నారు వాడిపోతోందట. నాయనమ్మ తెర చూసింది. జాబితా లేదు. అంతా ఖాళీ.

అంతకుముందు రోజు ఆవిడ మొదటిసారి తనే దాచబోయిందని తర్వాత తెలిసింది. ఏదైనా దాచాలంటే ముందు అన్నీ ఒకచోటికి చేర్చాలి కదా అనుకుని, మౌసుతో జాబితా పైనుంచి కిందదాకా పట్టుకుని, కుడివైపు నొక్కి, కనిపించిన దాచు మీద నొక్కింది. పాపం, దాచాననే అనుకుంది.

పెదనాన్న వచ్చాడు. కంటికి కట్టుతో ఉన్న మనిషిని కంగారు పెట్టొద్దని నాయనమ్మ తాతయ్యకి ఫోను చెయ్యనివ్వలేదు. నాజిల్ ఏ సొరుగులో ఉందో ఎవరికీ తెలియదు. పెదనాన్న తిన్నగా పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, బజారంతా వినేలా అరిచాడు. "ఊరికే ఇచ్చావు, ఊరికే ముంచావు! మీ చదువులు కాల్చనా! మా కొట్టే దొరికిందా నీకు నేర్చుకోడానికి?" నేను గడప దగ్గర నిలబడి విన్నాను. నోరు విప్పలేదు. నాయనమ్మ, తప్పు తనదేనేమోనని గల్లాపెట్టె దగ్గర ముడుచుకుని కూర్చుంది. అది చూసి కూడా విప్పలేదు.

అక్క తిన్నగా వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. పట్టీ తెరిచింది. రెండు దాచులూ కనిపించాయి. ఒకసారి నావైపు చూసింది. తర్వాత దాచిన వరుసల్ని మళ్ళీ పైకి తీసింది. జాబితా మొత్తం తిరిగొచ్చింది. ఒక్క గీత పోలేదు. "మాటలో పొరపాటండి, మావల్లే జరిగింది," అంది పెదనాన్నతో. "మావల్లే" అంది. నా పేరు చెప్పలేదు. నాయనమ్మ లేచి నాజిల్ తీసి రైతు చేతిలో పెట్టింది.

ఆ మధ్యాహ్నం అక్క నన్ను కూర్చోబెట్టి ఆ మాటల ఫైలు తెరిచింది. పైన వరుసగా పేర్లు, ఆ మాటల్ని ముట్టుకున్నవాళ్ళవి. నా పేరు కొట్టమంది. పక్కన ఏం మార్చానో, దానివల్ల ఏం జరిగిందో రాయమంది. నాకు ఏడుపొచ్చింది. "పేరు గొప్పకి కాదురా. రేపు ఇది వాడి ఎవరన్నా ఇబ్బంది పడితే ఎవర్ని అడగాలో తెలియాలిగా," అంది. రాశాను. తర్వాత నాయనమ్మని పిలిచి, కనపడకుండా చెయ్యడానికి ఏ మాటైతే బాగుంటుందని అడిగింది. నాయనమ్మ "మరుగుచెయ్యి" అంది. దాచు, మరుగుచెయ్యి, రెండూ అక్క తనతోపాటు మాటలు వెతికేవాళ్ళకి పంపింది. రెండూ ఒప్పుకున్నారు. ఆ జాబితాలో నా పేరు, కింద నాయనమ్మ పేరు ఉండిపోయాయి.

సాయంత్రం పెదనాన్న దగ్గరికెళ్ళి నిజం చెప్పాను. కొడతాడనుకున్నాను. "నువ్వా? మరి ఆ పిల్లని నేనన్న మాటలు ఎవడు వెనక్కి తీసుకుంటాడ్రా?" అన్నాడు. ఆయనే లేచి చెప్పులేసుకుని పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. పొద్దున ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగానే, బజారంతా వినేలా, "అమ్మాయ్, నోరు జారాను. తప్పు మావాడిది," అన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళు అలా అనడం నేను విన్నది అదే మొదలు.

నాకిప్పుడు ముప్ఫై అయిదేళ్ళు. నందిగామలో చిన్న కొట్లకి, ఇళ్ళకి ఈ ఊరికే దొరికే ప్రోగ్రాములే పెట్టిస్తుంటాను. ఒప్పుకోవాల్సిన చోట నోరు మూసుకునే గుణం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఎవరి కంప్యూటరన్నా నా వల్ల మొరాయిస్తే ముందు ఆ గుణమే లేస్తుంది. దాన్ని అణిచి "నేను చేసిందేనండి" అనడానికి ఒక్క క్షణం పడుతుంది. అప్పుడప్పుడు ఎవరో ఒక కొట్టాయన, ఇంతకీ ఇది ఎవరిదండీ అని అడుగుతాడు. చాలామందిదండి, అందులో రెండు మాటలు మా ఇంటివి అని చెప్తాను. చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది. అవనిస్తాను.