గోడ చేసిన పని

పొద్దున్నే పళ్లు తోముకోగానే అతను వరండాలో గోడకి ఎదురుగా నిలబడతాడు. రెండు అరచేతులూ ఆనించి, ముప్పై అంకెలు లెక్కపెట్టేదాకా బలంకొద్దీ నెడతాడు. భుజాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడమట. "ఇవాళ కూడా కదల్లేదా?" అని వంటింట్లోంచి భార్య అడగడం, "రేపటికి కదులుతుందిలే" అని అతను చెప్పడం పెళ్లైన కొత్తలో మొదలై ఇంకా నడుస్తూనే ఉంది.

అద్దాల షాపులో అందరూ అతన్ని కూడా గోడ అనే పిలుస్తారు. అక్కడ అతని పని పట్టుకోవడం. మనిషెత్తు గాజు పలకని చట్రంలో నిలబెట్టాక, మేస్త్రీ చుట్టూ రబ్బరు కూర్చి స్క్రూలు బిగించేదాకా అది వెంట్రుకవాసి కూడా ఒరగకుండా భుజం ఆనించి ఉండాలి. తుమ్మొచ్చినా మింగెయ్యాలి. "ముక్కు మీద ఈగ వాలినా కదలడు మా గోడ" అని మేస్త్రీ కొత్తవాళ్లకి గొప్పగా చూపించేవాడు. ఇరవై రెండేళ్లలో అతని చేతిలో ఒక్క పలక మూల కూడా విరగలేదు.

అలాంటిది ఇరవై మూడో ఏట కుడి భుజం మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఇంకా బరువులు ఆనిస్తే చెయ్యే లేవకుండా పోతుందన్నాడు. అదే నెలలో షాపు ఓనరు మోటారు కప్పి తెప్పించాడు. పలకని గట్టిగా కరుచుకునే నాలుగు రబ్బరు గిన్నెలు, పైకి లాగే గొలుసు, నొక్కడానికి మీటల డబ్బా.

"పట్టుకునే మనిషి అక్కర్లేదిక. ఇది నడిపే మనిషి కావాలి" అన్నాడు ఓనరు. "మూడు వారాల్లో కంపెనీ వాళ్లొచ్చి పరీక్ష పెడతారు. రాసేదొకటి, చేసి చూపించేదొకటి. ప్యాసైతే నువ్వే ఉండు. లేదంటే నా చేతుల్లో ఏం లేదు."

ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. వేరే షాపుకి పోదామన్నా ఆ భుజాన్ని చూసి ఎవరు రమ్మంటారు? భార్య తన చెల్లెలికి ఫోన్ చేసింది. ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. ఆదివారం పొద్దున పుస్తకం చంకన పెట్టుకుని దిగింది.

"బావా, రోజూ గోడని నెడతావు కదా. ఎంత పని చేస్తున్నట్టు?"

"ముప్పై అంకెలంత."

"సున్నా."

మరదలు వేళాకోళమాడుతోందనుకుని అతను నవ్వాడు.

"నవ్వకు, పరీక్షలో అడుగుతారు. బలం పెడితే చాలదు, పెట్టిన వైపు వస్తువు కదలాలి. ఎంత బలమో, ఎంత దూరం జరిగిందో, ఆ రెండూ గుణిస్తే వచ్చేది పని. గోడ జరగలేదు. దూరం సున్నా, పనీ సున్నా."

"మరి అద్దం పట్టుకుని గంటసేపు నిలబడితే?"

"అద్దం కదిలిందా?"

"కదిలితే మేస్త్రీ చంపేస్తాడు!"

"అయితే సున్నాయే బావా."

"నలభై కిలోల పలక మరి!" అన్నాడు, అదేదో ఆమెకి తెలియదన్నట్టు.

"దాన్ని నేల మీంచి మీటరు ఎత్తు బల్ల మీదకి ఎత్తావా, అది పని. దాదాపు నాలుగొందల జౌళ్లు. పనిని అలా కొలుస్తారు."

"ఎత్తడమా? అది రెండు క్షణాల సంగతి! అసలు పని ఆ తర్వాత కదా మొదలయ్యేది!"

ఏ రోజూ లెక్కలోకి తీసుకోనిది పనట. ఒళ్లు హూనం చేసుకున్నది సున్నా అట. ఇదంతా విని భార్య వంటింట్లోంచి వచ్చింది. గరిటె పట్టుకునే వచ్చింది.

"ఆ పుస్తకం రాసినాయన్ని ఓసారి వచ్చి పలక పట్టుకోమనవే! ఈయన చొక్కా పిండితే చెంబు నిండేది."

"చెమట అబద్ధం కాదక్కా. నిలబడున్నంతసేపూ కండలో పోగులు బిగుస్తూ, వదులవుతూ, మళ్లీ బిగుస్తూనే ఉంటాయి. తిన్న తిండి అక్కడే వేడిగా ఖర్చైపోతుంది. అద్దానికి ఏమీ చేరదు. బావ బదులు ఓ కొయ్య ఊతం పెట్టినా దానికి ఒకటే."

ఆ కొయ్య ఊతం అన్న మాట అతని గుండెలో దిగిపోయింది. అన్నం సగంలో లేచిపోయాడు.

మర్నాడు కప్పి నడపడం నేర్పడానికి కంపెనీ మనిషొచ్చి, పలకని గాల్లోకి లేపి, మోటారు ఆపేసి, పక్కన నిలబడి పావుగంట మాట్లాడాడు. పలక ఉన్నచోటే ఉంది. దాన్ని పట్టుకున్న కప్పి దమ్ము తీసుకోలేదు, కాళ్లు మార్చుకోలేదు. ఆ మనిషి వెళ్లాక అతను గొలుసు ముట్టుకుని చూశాడు. చల్లగా ఉంది.

రాత పరీక్ష గట్టెక్కాడు. సున్నా ఎక్కడ రాయాలో అతనికంటే బాగా ఎవరికి తెలుసు! చేసి చూపించే పరీక్షలో పలకని గుండెలెత్తుకి లేపి ఆపాడు. అది గొలుసు మీద కొంచెం ఊగింది. మరుక్షణం ఎవరో గట్టిగా అరిచారు. చూసుకుంటే చేతిలో డబ్బా లేదు. తను పలకని హత్తుకుని ఉన్నాడు, కుడి భుజం దాని కింద ఉంది.

"బయటికి రావయ్యా! వేలాడే బరువు దగ్గరికి పోకూడదని మొట్టమొదట చెప్పింది అదేగా!" అన్నాడు పరీక్షాధికారి.

"నేను వెళ్లలేదు సార్" అన్నాడతను బిత్తరపోయి. "భుజం వెళ్లింది."

నవ్వబోయిన మేస్త్రీ అతని మొహం చూసి ఆగిపోయాడు. "మా గోడకి ఇంకో అవకాశమివ్వండి సార్" అని బతిమాలాడు. వారం గడువిచ్చారు.

ఆ వారం భార్య వరండా దూలానికి తాడు కట్టి, నీళ్ల బకెట్ వేలాడదీసి ఊపింది. "మీటల డబ్బా అనుకుని ఎడమ చేత్తో ఈ పోపుల డబ్బా పట్టుకో. కుడి చెయ్యి వెనక్కి. కదిలావో, కూర ఉండదు." బకెట్ ఊగినప్పుడల్లా భుజం ముందుకి దూకబోయేది. మొదటిరోజు మూడుసార్లు తడిసి ముద్దయ్యాడు. ఐదోరోజుకి రెప్పలు మాత్రమే అదిరాయి.

రెండోసారి పరీక్షలోనూ పలక ఊగింది. అతను కుడి చేతి వేళ్లతో వెనక బెల్టు బిగించి పట్టుకుని, లోపల అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై ఆరు దగ్గర పలక దానంతటదే ఆగింది. అధికారి కాగితం మీద సంతకం పెట్టాడు. అప్పుడు చూసుకుంటే చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. ఏ బరువూ మొయ్యలేదు, అయినా ఇంత చెమటా! అతను నమ్మలేక చొక్కా అంచు పిండి చూశాడు.

ఇప్పుడతనికి నలభై తొమ్మిదేళ్లు. అదే షాపులో కప్పి నడుపుతున్నాడు. ఇరవై రెండేళ్లు పలకలకి ఆనించిన కుడి చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవదు. చొక్కా భార్య తొడుగుతుంది.