పాటలోకి ఎక్కని వెనకగది

వీధంతా అత్తయ్య అని పిలిచే ఆవిడ కుట్టుకొట్టులో నేను కాజాలు కుడతాను. ఆవిడ నోరు కత్తెర, మనసు ఉతికిన నూలుగుడ్డ. ఆ నీడలో నాకింత చోటిచ్చినందుకు దేవుడికి రోజూ చేతులు జోడిస్తాను.

ఊరంతా నెత్తిన పెట్టుకున్న గాయని ఒకావిడ మా దగ్గరే బట్టలు కుట్టించుకునేది. ముందు గుమ్మంలోంచి వచ్చిందంటే వీధి నిండిపోయేది. ఒకరు చెయ్యి లాగేవారు, ఒకరు ఫొటో అనేవారు. జ్వరంగా ఉందన్నా "ఒక్క పల్లవి తల్లీ" అని వదిలేవారు కాదు. అందుకే అత్తయ్య సందువైపున్న వెనకగది తలుపు తీసిపెట్టేది. అక్కడ ముక్కగుడ్డల మూట మీద తల ఆనించి ఆమె పసిపిల్లలా నిద్రపోయేది. లేచాక, "ఏమే పిచ్చుకా, ఊరికే కూర్చునే బదులు నాలుగు హుక్కులు కుట్టకూడదూ?" అని అత్తయ్య కసిరితే ఆమె మొహం వెలిగిపోయేది. ఆమెని అలా కసిరే చోటు ఇంకెక్కడుంది కనక!

నిరుడు ఆమె కన్నుమూసింది. ఆమె తమ్ముడు అక్క మీద పాట కట్టి, సంస్మరణ సభకు ముందు మా వెనకగదిలో కూర్చుని పాడి వినిపించాడు. "అందరికీ దీపమైతివి, నీ నిద్రకు చీకటి లేదాయె" అన్న చోట నా సూది ఆగిపోయింది. పేరొస్తే మనిషికి ఏం పోతుందో ఆ ఒక్క మాటలో ఉంది. చివరి చరణం నిండా మా అత్తయ్య, మా కొట్టు, ఈ తలుపే.

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. "నన్నూ పాటలోకి ఎక్కించావురా నాయనా! మా ఆయన బతికుంటే నమ్మేవాడు కాదు." కొంగు దోపుకుని, "ఆ చరణం తీసెయ్" అంది.

"అదే పాటకి ప్రాణం అత్తయ్యా! మీ రుణం ఇంకెలా తీర్చుకోను?"

"రుణం లేదు, గిణం లేదు. ఇది పాడితే జనం ఈ గుమ్మం ముందే కాపలా ఉంటారు. ఈ పాటతో రేపు నీకూ పేరొస్తుంది. అప్పుడు నువ్వొచ్చి ఎక్కడ పడుకుంటావురా, నా నెత్తి మీదా?"

అతను నవ్వబోయి, నవ్వలేక తల వంచుకున్నాడు.

సభలో చివరి వరుసలో కూర్చున్నాం. ఆ చరణం రావలసిన చోట అతను మాటలు వదిలేసి రాగం మాత్రం తీశాడు. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి.

"మాటలు మీకు తెలుసా అండీ?" అని అడిగింది పక్కావిడ.

"లేదమ్మా, దగ్గొస్తోంది" అంది అత్తయ్య.