అక్క అరికాళ్ల మంట

రాజధాని కర్నూల్లో ఉండి, సర్కారు కచేరీలు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో నేను అక్కడి కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. బోర్డు మీద ఆరు పరమాణువుల ఉంగరం గీసేవాణ్ణి. అయిదు కార్బన్లు, ఒక నైట్రోజన్. దాని పేరు పిరిడిన్. కార్బన్ల ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడు ఈ నైట్రోజన్ అనీ, అతను అడుగుపెట్టాక ఆ ఇంటి గుణమే మారిపోతుందనీ చెప్పి పిల్లల్ని నవ్వించేవాణ్ణి. ఆ ఉంగరానికి ఒకచోట చిన్న తోక తగిలిస్తే విటమిన్. ఇంకోచోట ఇంకో తోక తగిలిస్తే క్షయకు మందు. ఆ మందును ఎవరో పట్టా కోసం ఎప్పుడో తయారుచేసి వదిలేశారట. అది క్షయను చంపుతుందని నలభై ఏళ్ల దాకా ఎవరికీ తోచలేదు.

ఆ మందు బిళ్లలే వేంపల్లెలో మా అక్క మింగుతోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. సూదులు వేయించుకోవడం అయిపోయింది. బిళ్లలు మాత్రం ఒక్క రోజు కూడా తప్పకుండా ఏడాది వేసుకోవాలని కడప డాక్టరు చెప్పాడు. చలికాలానికల్లా దగ్గు తగ్గింది. మళ్లీ తనే సంగటి కెలుకుతోందని బావ జాబు రాస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఎండాకాలం సెలవులకు వెళ్లాను. వంటింట్లో బండల మీద నీళ్లు చల్లుకుని, అరికాళ్లు ఆనించి కూర్చుని ఉంది అక్క. బావ చేని దగ్గర బావి పూడిక తీయిస్తున్నాడు.

"కాళ్లు మండుతాండాయిరా అబ్బీ. నిప్పుల మీద నిలబడినట్ల ఉండాది. ఈ బిళ్లలు శానా వేడి చేస్తాండాయేమో. నువ్వు సదివేది ఇవే గదా, కొన్నాళ్లు ఆపేదా?"

నాకు తెలియదక్కా, డాక్టర్ని అడుగుదాం అంటే సరిపోయేది. అనలేదు. ఎంత చదివినా నేను ఆ ఎండల్లో పుట్టినవాణ్ణే. మంట అంటే వేడి, వేడి చేసేదాన్ని ఎండాకాలం మానేయాలి. అంతకుమించి నా బుర్రకు ఏమీ తట్టలేదు. పైగా పంతుల్ని.

"వానలు పడేదాకా ఆపు. మజ్జిగ బాగా తాగు," అన్నాను.

మెల్లమెల్లగా మంట తగ్గింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వానలతో పాటు దగ్గూ తిరిగొచ్చింది. ఈసారి నెత్తురు కూడా పడింది. బిళ్లలు మళ్లీ మొదలుపెట్టింది. ఫలితం లేదు. అక్కను కడపకు తీసుకుపోయాం.

"మధ్యలో ఆపితే క్షయ పురుగు ఈ మందుకు అలవాటు పడిపోతాదమ్మా. ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరు గట్టిగా అడిగాడు.

అక్క నా వైపు చూడలేదు. "ఎవురూ అనలేదు సార్. కాళ్ల మంటకు తాళలేక నేనే ఆపినా. ఈళ్లకు తెల్దు."

బావ తల పట్టుకున్నాడు. నేను మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ నెలలోనే మా కాలేజీ లైబ్రరీలో ఒక పత్రిక చదివాను. ఆ బిళ్లలు ఒంట్లోని ఒక విటమిన్ను బయటికి పంపేస్తాయట. అది లేక నరాలు చిక్కి అరికాళ్లు మండుతాయట. ఆ విటమిన్ కాస్త ఇస్తే చాలు, మందు ఆపక్కర్లేదు. రెండింటిదీ ఒకటే ఉంగరం. ఆ బొమ్మ నిద్రలో లేపినా గీస్తాను. అది అక్క కాళ్లలో ఏం చేస్తోందో మాత్రం తెలుసుకోలేదు. ఆ విటమిన్ కొని పట్టుకుపోయాను. మంటకు పనికొచ్చేదే, ఊపిరితిత్తులకు దానితో ఏం పని? దసరా లోపలే అక్క పోయింది.

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ బావ ఏడుస్తూ ఒకటే మాట చెప్పాడు.

"మొండిదప్పా. మందు ఆపొద్దని డాక్టరు చిలక్కి చెప్పినట్ల చెప్పినాడు. ఇన్లేదు. శేజేతులా సచ్చిపోయింది."

అక్క మొండిది కాదు. చిన్నవాణ్ణయినా నా మాట విన్నది. నేను బావ పక్కనే కూర్చుని, వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించాను.