లావు రబ్బరు తిత్తి

నిన్న విజయనగరంలో నా భార్య పాత సిరా పెన్ను బాగుచేయించడానికి వెళ్లాను. ఆవిడ పోయి ఏడాదైంది. పెన్ను లోపల సిరా నిలిచే రబ్బరు తిత్తి ఎండి పగిలింది. షాపాయన రెండు కొత్త తిత్తులు ముందు పెట్టాడు. నేను లావుది తీశాను.

"అది వద్దు మాస్టారూ. సిరా ఎక్కువ పడతాదనుకుంటారు గానీ, సిరా నింపే మీట ఎత్తితే లోపల నలిగి సిరిగిపోతాది," అన్నాడు.

ఆ కొత్త రబ్బరు వాసనకి పాతపట్నంలోని మా ఇల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ నాన్న పెన్ను పిల్లలు ముట్టకూడదు కదా? ఆరో తరగతిలో నేను మా నాన్న పెన్ను విప్పి తిత్తి చింపేశాను. ఎవరికీ చెప్పకుండా కొత్తది కొని తొడిగాను. లావుదైతే మేలనుకున్నాను.

ఆదివారం చర్చిలో వాక్యం చదువుతుండగా నాన్న తెల్ల చొక్కా జేబంతా నీలమైంది.

ఇంటికొచ్చి, "నా పెన్ను ఎవుడు ముట్టేడర్రా?" అన్నాడు.

నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. అంతకుముందు ఆ పెన్నుతో బొమ్మలు గీస్తూ దొరికింది మా చెల్లెలు. ఇదీ దాని పనే అనుకుని దాన్ని కొట్టాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఈ సంగతి నా భార్యకొక్కదానికే చెప్పాను. "మీ సెల్లికి సెప్పీయండి," అని ఎన్నిసార్లో అంది. ఆవిడ ఉండగా చెప్పలేదు.

నిన్న సన్న తిత్తి వేయించుకుని, షాపు మెట్ల మీద నిలబడే చెల్లెలికి ఫోన్ చేశాను. అంతా విని నవ్వింది.

"నాకప్పుడే తెల్సు అన్నియ్యా. నీ గోళ్లన్నీ నీలంగా ఉన్నాయి కదా."

"మరి నాన్నకెందుకు సెప్పలేదే?"

"నువ్వే సెప్తావని సూసినాను."