భయం నేర్పిన ఉస్తాద్

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో లెక్కల పేపర్లు దిద్దుతుంటే ఫోన్ మోగింది. బోయిన్‌పల్లి నుంచి ఉస్తాద్ తమ్ముడు. "సార్, భాయ్ పోయిండు. నాష్తా చేసి కుర్చీల కూసున్నడు, కూసున్నకాడనే..." అన్నాడు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఇకమీదట నా కారు కిందికి దూరి చూసేదెవరు అనే భయం. అంత స్వార్థపు ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాను. కానీ ఉస్తాద్ వింటే మెచ్చుకునేవాడేమో. భయాన్ని ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు.

ఆయన పాత కార్ల మెకానిక్. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనక రేకుల షెడ్డు. మల్కాజ్‌గిరిలో మా నాన్న వదిలి వెళ్ళిన కారు, గుండ్రటి దీపాలది, కదలకుండా పడి ఉంటే దాన్ని లాగించుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. అందరూ ముందు బానెట్ తెరుస్తారు. ఆయన చాప పరుచుకుని కిందికి దూరాడు. "ముఖం అందరు చూస్తరు సార్. కడుపు చూడాలె," అన్నాడు లోపలినుంచి.

కార్ల గురించి ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి. కొత్త కార్లన్నీ కోపంగా చూస్తాయనేవాడు. "గా లైట్లు చూడుండ్రి, కొట్లాటకొచ్చినట్టు లేవా? మన పాత బండ్లు సలాం చేసినట్టుంటయి." వయసులో ఉన్నప్పుడు, వాడకంలో లేని ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే పందేలకు మెకానిక్‌గా వెళ్ళేవాడట. అక్కడే తన గురువు కారు పల్టీ కొట్టడం చూశాడు. ఆ కథ ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. "ఉరికిచ్చుడు ఎవనికైనా వస్తది. మూల కాడ ఎప్పుడు తగ్గాల్నో తెలిసినోడే రేసర్," అని ఆపేసేవాడు. ఆనాటి నుంచి ఎవరి పక్కన కూర్చున్నా తలుపు పైనున్న పిడిని వదిలేవాడు కాదు. పాత కార్లు నడిపే మా ఆదివారం బృందంలో కొందరు చాటుగా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

కారు సిద్ధమయ్యాక ఒకే ఒక్క విషయంలో గొడవపడ్డాం. బ్రేకు పైపు మార్చాలన్నాడు ఆయన. వద్దన్నాను నేను. పాత కార్ల ప్రదర్శన దగ్గర పడుతోంది. అక్కడ ప్రతి భాగమూ కంపెనీనుంచి వచ్చిందే ఉండాలని నా పట్టుదల. "సార్, నాలుగు చక్రాలకు బ్రేకు ఆయిల్ పోనీకి ఒక్కటే దారి. అది తెగిందంటే అన్నీ పోతయి. నాకు పరేషాన్ ఉంది," అన్నాడు. "నాన్న ముప్పై ఏళ్ళు నడిపాడు, ఏమీ కాలేదు," అన్నాను. ఆయన పైపు మార్చకుండానే తాళాలు నా చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం మాత్రం, పిలవకుండానే వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు. వెనక మా పాప. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

ఊరి బయట గుట్ట దిగుతున్నాం. మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలకు ఆనింది. మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. కింద మలుపు దాటాక ఒక లారీ, గ్రానైటు రాళ్ళతో, నత్తలా పోతోంది. ఉస్తాద్ వైపు తిరిగితే ఆయన ముఖం బూడిదలా ఉంది.

"బేటా, సీటు దిగి కింద కూసో. తల వంచు," అన్నాడు పాపతో. తరవాత నాతో, "నాకు సుత భయమైతుంది సార్. భయపడుకుంటనే చెయ్యి. చెయ్యి మాత్రం ఆపకు. మూడో గేరు. క్లచ్ మెల్లగ ఇడువు. ఇప్పుడు రెండు."

ఇంజిను అరిచింది. వేగం కొంత తగ్గి మలుపు తిరిగాం, కానీ చాలినంత తగ్గలేదు. లారీ వెనక తలుపు మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరికొచ్చాం. "డాడీ," అంది పాప. ఆ ఒక్క మాటే. ఉస్తాద్ పిడి వదిలేసి రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు పట్టుకున్నాడు. ఒక్కసారిగా కాదు, కొద్దికొద్దిగా లాగాడు. "ఎడమకు. మట్టి మీదికి తీస్కో." ఎడమ చక్రాలు కంకరలో దిగబడ్డాయి. గుట్టను గీసుకుంటూ, రేకు చీలిన చప్పుడుతో కారు నిలిచింది.

ఆయన దిగి, రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఆ తరవాతే పాపను ఎత్తుకున్నాడు. నేను స్టీరింగు వదల్లేకపోయాను. నా వేళ్ళు ఒక్కొక్కటే ఆయనే విడిపించాడు. "తప్పు నాది సుత ఉంది. మీరు వద్దంటే నేను ఊకున్న," అన్నాడు. ఎన్ని తిట్లు తిట్టినా అంత తగిలేది కాదు.

రెండు నెలలు కారు తాళాలు నాకివ్వలేదు. పైపులన్నీ కొత్తవి వేశాడు. ముందు చక్రాలకు ఒక దారి, వెనక చక్రాలకు ఒక దారి పెట్టాడు. మరుసటి ఏటి ప్రదర్శనలో ఒక న్యాయనిర్ణేత వంగి చూసి పెదవి విరిచాడు. "ఇది ఒరిజినల్ కాదే?"

పక్కనే నిలబడ్డ ఉస్తాద్ పాపను చూపించాడు. "గీ పిల్ల ఒరిజినల్ సార్. దీనికి ఇంకో పీసు దొరకదు."

బహుమతి రాలేదు. దాని గురించి ఇంట్లో ఎవ్వరం మాట్లాడుకోలేదు కూడా. కానీ భయం నన్ను వదల్లేదు. ఇప్పటికీ దిగుడు కనబడితే అరచేతులు తడుస్తాయి. ఒకసారి ఆ మాట ఆయనతో చెప్పుకున్నాను. "ఉండనియ్యి సార్, అది మీకు తక్లీఫ్ ఇయ్యనీకి రాలే. మీతోని ఇంటిదాక వచ్చి పోతది," అన్నాడు.

ఆయన పోయిన రోజు సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఆయనను వ్యానులో ఖననానికి తీసుకెళ్ళారు. వెనక మా పాత కార్లు, పదీ పన్నెండు. నాది అన్నిటికన్నా చివర. ఎవరూ హారన్ కొట్టలేదు, ఎవరూ ఎవరినీ దాటలేదు. ఖబ్రస్తాన్ ముందు రోడ్డు పల్లంలోకి దిగుతుంది. అక్కడ వ్యాను నెమ్మదించింది. దాని వెనక కారు, దాని వెనక కారు... సన్నటి తుంపరలో ఆ చిన్న చిన్న పాత బ్రేకు దీపాలు, కిందినుంచి పైకి, ఒకదాని తరవాత ఒకటి ఎర్రగా వెలుగుతూ నా దాకా వచ్చాయి.