కురుమమ్మ మిద్దె కిరాయి

చిక్కడపల్లిలో ఆకాశం ఉందంటే ఉంది, లేదంటే లేదు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకవైపు, క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళ లైట్లు ఇంకోవైపు కలిసి దానికి సున్నం కొట్టినట్టు చేసి పెట్టాయి. అలాంటి చోట అపార్ట్‌మెంటు పై అంతస్తులో కూర్చుని నక్షత్రాల ఫొటోలు తీస్తానంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారు? జగదీశ్వర్ గురించీ అదే అనుకున్నారు. అసోసియేషన్ ప్రెసిడెంటు విశ్వేశ్వరరావయితే లిఫ్టులో మొహం మీదే అడిగేశాడు.

"ఫోన్‌ల కొడితే అన్ని ఫొటోలు వస్తయి గదన్నా. నీకెందుకీ పరేషాని?"

జగదీశ్వర్ నవ్వి ఊరుకున్నాడు. ఆయనకు నవ్వి ఊరుకోవడం బాగా అలవాటు. పగలు బషీర్‌బాగ్‌లో ఆఫీసు, సాయంత్రం నారాయణగూడ మార్కెట్లో ఒక మనిషికి సరిపడా కూరగాయలు, ఆ తర్వాత ఇల్లు. ఒక మనిషికని అడిగితే కూరగాయలవాడు కూడా జాలిగా చూస్తాడు.

భార్య విజయశ్రీ ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ టెలిస్కోపు కారులో వేసుకుని సిటీ దాటి ఏ చేను గట్టుకో పోయేవారు. ఆయన ఫొటోలు తీస్తుంటే ఆమె దుప్పటి కప్పుకుని, ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, చుట్టాల మీద చాడీలు చెప్తూ కూర్చునేది. ఆమె పోయాక ఆయన ఒక్కడే ఒకసారి వెళ్ళాడు. అన్నీ బిగించాడు గానీ, పక్కన మాట లేని చీకట్లో కూర్చోలేకపోయాడు. ఉన్నపళంగా సర్దుకుని తిరిగొచ్చేశాడు. ఫొటోకి చీకటి కావాలి, కానీ ఆ చీకట్లో తాను ఉండలేడు. ఈ చిక్కుకు దొరికిన ఉపాయమే మినీ పీసీ అనే బుల్లి కంప్యూటర్.

చూడ్డానికి అది టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. టెలిస్కోపు పక్కన బిగించి ఇంటర్నెట్ ఇస్తే చాలు, చిక్కడపల్లిలో కూర్చుని ఏం చెప్తే అది చేస్తుంది. టెలిస్కోపును దాచిన రేకు పెట్టె మూత తెరుస్తుంది, టెలిస్కోపును చుక్క వెంట తిప్పుతుంది, ఫొటోలు తీసి పంపుతుంది. ఇక కావలసిందల్లా చీకటి ఉన్న ఊళ్ళో ఒక మిద్దె.

ఆ మిద్దె కురుమమ్మది. ఆమె అపార్ట్‌మెంటు మెట్లు ఊడుస్తూ, సెల్లార్‌లోని చిన్న గదిలో ఉంటుంది. సొంతూరు పాలమూరు దిక్కు. భర్త దాసయ్య మేస్త్రీ పని చేసి ఎందరికో ఇళ్ళు కట్టి, చివరికి తనకూ ఒక స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. కట్టుకున్న ఏడాదే పోయాడు. ఆ ఇంట్లో ఒక్కతీ ఉండలేక, ముందు తలుపుకు లోపల గడియ పెట్టి, పెరటి తలుపుకు తాళం వేసుకుని ఆమె పట్నం వచ్చేసింది.

"కిరాయి ఏమియ్యమంటవ్?" అని జగదీశ్వర్ అడిగాడు.

"పైసలొద్దు సార్. మబ్బు సూసుకోనీకె ఒక కెమెరా వెడ్తున్న అంటివి గద. దాన్ని జర కిందికి తిప్పి, రోజొకసారి నా ఇల్లు నాకు సూపియ్యి. గంతే."

అలా మొదలైంది. జగదీశ్వర్ ఊరికి పోయి టెలిస్కోపును మిద్దె మీద, మబ్బు చూసే కెమెరాను మిద్దె అంచు నుంచి వాకిట్లోకి చాచిన ఇనుప గొట్టానికి బిగించి వచ్చాడు. రోజూ పొద్దుగూకే వేళకు కురుమమ్మ పైకి వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చోదు, కంప్యూటర్ ముందు కిందే చతికిలబడేది. తెర మీద ఆమె వాకిలి, అరుగు, జామచెట్టు. "మేకలు దూరినట్టున్నయ్ సార్, కొమ్మలన్ని కొరికినయ్" అనేది. "దాసయ్య ఆ అరుగు మూలకు కూసుండి బీడీ తాగెటోడు" అనేది. జగదీశ్వర్ వింటూ టీ పెట్టేవాడు. వానాకాలమంతా టెలిస్కోపు మూత తెరిచే పనే లేదు. అయినా ఒక్క సాయంత్రం కూడా కంప్యూటర్ ఆపలేదు. ఆ అరగంట కోసమే ఆయన మిగతా రోజునంతా మోసేవాడు. ఎవరితోనైనా అంటే నవ్వుతారేమో గానీ, ఉన్న మాట అది.

కురుమమ్మ ఇంటి గోడకు అవతలే సొంత అక్క మాసమ్మ ఇల్లు. మోరీలో పారే మురుగునీళ్ళ దగ్గర మొదలైన మాట పెరిగి పెద్దదై, దాసయ్య దినాలకు కూడా మాసమ్మ ఈ గడప తొక్కలేదు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తెర మీద గోడవతల చీరకొంగు కదిలితే కురుమమ్మ చెప్తున్న మాట ఆపేసేది. ఆ కొంగు కనబడకుండా పోయేదాకా అటే చూసేది.

కార్తీకమాసం వచ్చింది. ఆకాశం కడిగినట్టయింది. మన పాలపుంతకు పక్కిల్లు లాంటి ఆండ్రోమెడా గెలాక్సీని తీద్దామని జగదీశ్వర్ ఉత్సాహంగా ఉన్నాడు. అప్పుడు కురుమమ్మ నసుగుతూ అడిగింది.

"అందరి గడపలల్ల దీపాలు వెట్టిన్రు సార్. నాదొక్కటే చీకటి. గింత లైటన్న ఈడికెల్లి ఏసెటట్టు కాదా?"

పక్కన లైటుంటే ఫొటో పాడవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆదివారం ఊరికి పోయి, గుమ్మం పైన ఒక బల్బు పెట్టి మినీ పీసీకి కలిపి వచ్చాడు. ఆర్పడం మరిచిపోతానేమోనని, బాగా చీకటి పడగానే అదే ఆరిపోయి, టెలిస్కోపు మూత తెరుచుకునేలా టైమరు కూడా పెట్టాడు. తన మతిమరుపు సంగతి తనకు తెలుసు.

ఆ సాయంత్రం కురుమమ్మ కాళ్ళు కడుక్కుని వచ్చింది. తలమీద కొంగు కప్పుకుంది. మౌస్‌కు దండం పెట్టి నొక్కింది.

"అగో, ఎలిగింది సార్!"

ఆమె మొహం చూసి, ఫొటో పాడైతే పాడైందనుకున్నాడు జగదీశ్వర్.

మర్నాడూ అలాగే వెలిగించింది. ఆ తర్వాతి రోజు దీపం వెలిగిన కాసేపటికి, పక్క సందులోంచి ఒక మనిషి వాకిట్లోకి వచ్చింది. చేతిలో మూత పెట్టిన గిన్నె ఉంది.

"మా అక్క" అంది కురుమమ్మ.

గడపలో దీపం ఉంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే కదా. పట్నంలో పుట్టిన జగదీశ్వర్‌కు తట్టలేదంటే సరే, దీపం దీపమని పోరిన కురుమమ్మకూ ఆ సంగతి తట్టలేదు. చెల్లెలు వచ్చిందనుకుని మాసమ్మ అన్నేళ్ళ పంతం పక్కన పెట్టి వచ్చింది. తలుపు తోసింది. లోపల గడియ. తట్టింది, ఆగింది, కిటికీ దగ్గర వంగి పిలిచింది.

కురుమమ్మ తెరకు మొహం ఆనించినంత పని చేసింది. "అక్కా, నేనీడున్ననే! అక్కా!"

"మాట పోదు కురుమమ్మా. బొమ్మనే వస్తది."

"జర ఏమన్న జెయ్యి సార్!"

ఏం చేయాలో ఆయనకు తోచేలోపు దీపం ఆరిపోయింది. మినీ పీసీ టైమరు ప్రకారం చెప్పింది చెప్పినట్టు చేసింది. జగదీశ్వర్ మౌస్ కోసం వెతుక్కుని, అక్కడా ఇక్కడా నొక్కి, మళ్ళీ వెలిగించేసరికి వాకిలి ఖాళీగా ఉంది. గిన్నె కూడా లేదు.

"మా అక్క మొహం మీద దీపమార్పిన" అంది కురుమమ్మ. "గిన్నె వట్టుకొని వస్తే లోపట్నుంచి ఆర్పిన అనుకుంటది. ఇగ నా మొహం సూడది సార్."

"తప్పు నాది. టైమరు పెట్టింది నేను. ఫోన్ చెయ్, నేనే చెప్త."

"మాటలే లేకపాయె, నంబరు యాడిది? ఇంకొకలతోని చెప్పిస్తే నమ్మది. నేనే వోవాలె."

పొద్దున ఆయనే స్కూటర్ మీద బస్టాండుకు దింపాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక ఆమె సంచిలో గిన్నెలు గలగలలాడాయి. రెండు రోజులకు పోయేవాళ్ళు గిన్నెలు కట్టుకోరు. జగదీశ్వర్ స్కూటర్ నెమ్మది చేశాడు.

"మళ్ల ఎప్పుడొస్తవ్?"

"అక్క ఏమంటదో సూసి..." అంది కురుమమ్మ. సంచి ఒళ్ళోకి లాక్కుంది.

సాయంత్రం ఇంటికి రాగానే మొదట టైమరు తీసేశాడు. తర్వాత కెమెరా కిందికి తిప్పాడు. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. బల్బు వెలుగుతోంది. దాని కింద గడపకు పసుపు, రెండు మట్టి ప్రమిదలు. అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు ఒకే గిన్నెలోంచి తింటున్నారు. కురుమమ్మ చెయ్యెత్తి కెమెరా వైపు చూపించింది. మాసమ్మ గబుక్కున కొంగు తలమీదికి లాక్కుని పైకి చూసింది. ఏదో అని ఇద్దరూ నవ్వారు. ఇక్కడికి నవ్వు వినబడదు.

జగదీశ్వర్‌కు సంతోషమే అయింది. దాంతోపాటే ఏడుపూ వచ్చింది. గదిలో ఎవరూ లేరు గనక ఆపుకోలేదు.

బాగా చీకటి పడ్డాక ఫోన్ మోగింది.

"సార్, నీ ఫొటోల యాళ్ళయింది గద. లైటు బందు జెయ్యాల్నా?"

ఆమె తలమీదే ఆండ్రోమెడా ఉంది. నెల రోజుల్లో అంత శుభ్రమైన ఆకాశం రాలేదు.

"వద్దు, ఉండనియ్యి. మబ్బు పట్టింది."

"మబ్బు యాడిది సార్? ఈడ సుక్కలు మస్తుగున్నయ్."

"నీ ఊళ్ళె గాదు, ఈడ పట్టింది. ఇయ్యాల నాతోని కాదు. మీ అక్కతోని మాట్లాడుకో" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి రేకు పెట్టె మూత తెరవలేదు. ఇన్నాళ్ళూ కిరాయి కింద ఆమెకు చూపించిన ఇంటిని ఆయన ఒక్కడే కూర్చుని చూశాడు, అరుగు మీద వాళ్ళు లేచి లోపలికి పోయేదాకా.